వెనుక టైరు వెడల్పు ఎంతో చెప్పవలసింది రిమ్ము

సంపాదకులు గారికి, నమస్కారములు.

పాలకొల్లు, భీమవరం, అమలాపురం ప్రాంతాల్లో దూర ప్రయాణాలకు అనువైన స్పోర్ట్ టూరింగ్ బైకులు కొనుక్కున్న యువకుల్లో పలువురు, మొదటి టైరు అరగగానే వెనుక చక్రానికి కంపెనీ ఇచ్చినదానికన్నా ఒక సైజు వెడల్పైన టైరు వేయించుకోవడం చూస్తున్నాను. వెనుక నుంచి చూస్తే బండి నిండుగా కనిపిస్తుందన్నది ఒక కారణం, రోడ్డు మీద పట్టు పెరుగుతుందన్నది రెండవది. మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండవది మాత్రం పొరపాటు నమ్మకమనీ, మన డెల్టా రోడ్ల మీద వానాకాలంలో అది ప్రమాదం తెచ్చిపెడుతుందనీ నేను స్వయంగా తెలుసుకున్నాను.

నా బండికి కంపెనీ ఇచ్చిన వెనుక టైరు సైజు 150/60-17, అంటే వెడల్పు 150 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము వ్యాసం 17 అంగుళాలు. రెండేళ్ల క్రితం అది అరిగినప్పుడు, ఒక షాపులో 160/60-17 కూడా చక్కగా పడుతుందని చెబితే సరేనన్నాను. టైరు ఎక్కింది కూడా. అయితే నా రిమ్ము వెడల్పు 4 అంగుళాలు. ఆ సంగతి రిమ్ము మీదే పోతపోసి ఉంటుంది, ఆ రోజు దాన్ని షాపువారూ చదవలేదు, నేనూ చదవలేదు. 160/60 టైరుకు సాధారణంగా 4.5 అంగుళాలకు తగ్గని రిమ్ము ఉండాలి. ఇరుకు రిమ్ములో దాన్ని బిగిస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, మధ్యభాగం ఉబ్బి ఎత్తుగా నిలుస్తుంది. అప్పుడు మధ్య భాగమే త్వరగా అరుగుతుంది, డబ్బు పోసి కొన్న ఆ అదనపు వెడల్పు చాలా వరకు రోడ్డును తాకకుండానే మిగిలిపోతుంది. పెద్ద బైకుల విషయంలోనూ ఇదే లెక్క: 180/55-17 టైరును 5.5 అంగుళాల రిమ్ముకూ, 190/50-17 టైరును 6 అంగుళాల రిమ్ముకూ కొలిచి తయారు చేస్తారు.

పట్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. టైరు రోడ్డును తాకే జాగా ఎంతన్నది ప్రధానంగా దాని మీద పడే బరువునూ, లోపలి గాలి పీడనాన్నీ బట్టి ఉంటుంది. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనుక చక్రం మీద 180 కిలోలు పడి, టైరులో 32 పౌండ్ల గాలి ఉంటే, మోటు లెక్కన ఆ జాగా 80 చదరపు సెంటీమీటర్లు. టైరు వెడల్పు పెంచినంత మాత్రాన అది పెద్దగా పెరగదు, అడ్డంగా సాగి, పొడవు తగ్గుతుంది. తడి రోడ్డు మీద అలాంటి ఆకారం నీటిని చీల్చుకుని పోలేదు. ఒకే బరువు, ఒకే గాలి ఉన్నప్పుడు సన్నటి టైరు కన్నా వెడల్పు టైరే ముందుగా నీటి మీద తేలుతుంది.

సార్వా (వానాకాలపు వరి) దమ్ముల రోజుల్లో మన రోడ్లు ఎలా ఉంటాయో మీ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. చేల నుంచి ట్రాక్టర్లు లాక్కొచ్చిన బురద, చేపల లారీల నుంచి కారిన నీళ్లు, వాటి మీద ఒక జల్లు. అలాంటి ఒక సాయంత్రం చించినాడ వైపు నుంచి ఏటిగట్టు రోడ్డు మీద వస్తూ, రోజూ తిరిగే మలుపులోనే బండి వెనుక భాగం జారింది. నెమ్మదిగా వస్తున్నందువల్ల నేనూ, వెనుక కూర్చున్న మా తమ్ముడూ పడకుండా బయటపడ్డాం. బురదలో ఏ టైరైనా జారవచ్చునని ఒప్పుకుంటాను. కానీ టైరు మార్చిన రోజు నుంచీ బండి వాలడానికి మొరాయిస్తూనే ఉంది. వెనుక టైరు వెడల్పు పెరిగిన కొద్దీ అదే మలుపును అదే వేగంతో తిరగడానికి బండిని ఇంకాస్త ఎక్కువగా వాల్చవలసి వస్తుంది. తడి రోడ్డు మీద ఎవరూ కోరుకోని పని అదే.

ఇంటికొచ్చి చూస్తే, ఇద్దరి బరువుకు కిందికి దిగినప్పుడల్లా టైరు అంచు చైను కవరుకు ఒరుసుకున్న గుర్తులు కనిపించాయి. పైగా 150/60 టైరు వ్యాసం సుమారు 612 మిల్లీమీటర్లయితే, 160/60 టైరు వ్యాసం 624. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ రెండు చక్రాల వేగాలనూ పోల్చుకుంటూ పనిచేస్తుంది కనుక, వ్యాసం కంపెనీ లెక్కకు దూరం కాకుండా చూసుకోవడం మంచిది. మర్నాడే పాత సైజులో మంచి రకం రేడియల్ టైరు వేయించాను. పట్టు పెరగాలనుకునేవారు డబ్బు పెట్టవలసింది టైరు రబ్బరు నాణ్యత మీద, గాడుల లోతు మీద. బండి కదలక ముందు, టైరు చల్లగా ఉండగా గాలి చూసుకోవడానికి అయితే ఖర్చే లేదు.

టైర్ల షాపులవారికి నా విన్నపం ఒక్కటే. వెడల్పు టైరు అడిగినవారికి ముందుగా రిమ్ము మీది అంకె చదివి వినిపించండి. అది సరిపోకపోతే, బేరం పోయినా సరే, వేయనని చెప్పండి. మీ పత్రిక వాహనాల పేజీలో ఏ రిమ్ముకు ఏ సైజు టైరు తగునో తెలిపే పట్టికను ఈ సార్వా నాట్లు మొదలయ్యేలోగా ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా