ఏటా ఏప్రిల్‌లో రాజీనామా

సంపాదకుడు గారికి,

కొత్త కార్మిక చట్టాల (లేబర్ కోడ్‌ల) మీద పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది చేస్తే చాలు, గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము, వస్తుందని రాశారు. ప్రైవేటు స్కూల్లో పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, నాకు మాత్రం ఆ దారి కనబడడం లేదు.

ప్రైవేటు టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2009లోనే చట్టం సవరించారు. యాజమాన్యాలు కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టూ ఇవ్వాల్సిందేనంది. మా స్కూల్లో మాత్రం ఏప్రిల్ చివరి పనిదినం సాయంత్రం తెల్లకాగితం మీద రాజీనామా రాయించుకుంటారు. జూన్‌లో బడి తెరిచిన రోజు కొత్తగా చేరినట్టు సంతకం. మే జీతం ఉండదు. అలాంటి కాగితాలు నావి పదహారు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. నా 13 వేల జీతానికి ఏడాదికి 7,500 చొప్పున లక్షా ఇరవై వేలు రావాలి. కాగితాల లెక్కన నా సర్వీసు ఏనాడూ పదకొండు నెలలు నిండలేదు.

పీఎఫ్ సంగతీ అంతే. 20 మంది ఉంటే కట్టాలి కాబట్టి రిజిస్టరులో 19 పేర్లే ఉంటాయి. టీచర్స్ డే ఫోటోలో మేం 31 మందిమి. మా హిందీ టీచర్ కాన్పుకు వెళ్తుంటే 26 వారాల సెలవు ఊసే లేదు, "మానేసి వెళ్లండమ్మా, ఖాళీ ఉంటే పిలుస్తాం" అన్నారు. మూడో నెలకే బిడ్డను తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. మధ్యాహ్నం బాత్రూంలోకి వెళ్లి పాలు పిండి పారబోసుకునేది. అదే ఊళ్లో సర్కారు బడి టీచరమ్మకు ఆరు నెలలు జీతంతో సెలవు. ఆమెకు రావడం న్యాయమే. మేమూ అదే పదో తరగతి పరీక్షకు పిల్లల్ని తయారు చేస్తున్నాం కదా!

లేబర్ ఆఫీసుకు వెళ్తే అపాయింట్‌మెంట్ ఆర్డరు తెమ్మంటారు. అది మాకు ఇస్తేగా! తనిఖీకి వచ్చేవాళ్లు మరుగుదొడ్లు చూస్తారు, ఫైర్ సర్టిఫికెట్ అడుగుతారు. టీచరుకు ఎంత ఇస్తున్నారని అడిగినవాళ్లను నేను చూడలేదు. ఫీజు పెంచినప్పుడల్లా తల్లిదండ్రులకు మా జీతాల పేరే చెబుతారు.

మా వివరాలు ప్రభుత్వం దగ్గర లేవా అంటే ఉన్నాయి. కరోనా కాలంలో, 2021లో, తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం కోసం రేషన్ షాపు ముందు నేనూ నిలబడ్డాను, నా వెనకాల నా పాత విద్యార్థి ఉన్నాడు. బడుల వివరాలు నమోదు చేసే సర్కారు జాబితా యూడైస్‌లో ఏటా మా పేర్లు ఎక్కిస్తూనే ఉన్నారు. ఆ జాబితానూ పీఎఫ్ జాబితానూ అధికారులు పక్కపక్కన పెట్టి చూడాలి. అది వచ్చే ఏప్రిల్ లోపే జరగాలి. ఆ నెలలో నాతో పదిహేడో కాగితం రాయిస్తారు.

— ఒక ప్రైవేటు ఉపాధ్యాయురాలు, నల్గొండ జిల్లా