మైక్రోవేవ్ పాతబడితే బాగు చేయించుకునే దారి ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మైక్రోవేవ్ ఓవెన్ ఇప్పుడు మన పట్టణాలలో ఎన్నో మధ్యతరగతి వంటిళ్లలో మిక్సీ, గ్రైండర్ల సరసన చేరిపోయిన వస్తువు. అది పాతబడి మొరాయించినప్పుడు బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది ఖర్చును, భద్రతను చూసుకుని ఇంటివాళ్లు తేల్చుకోవలసిన విషయం. ఆచరణలో మాత్రం విడిభాగాలు ఇవ్వకుండా, ధరలు చెప్పకుండా కంపెనీలే ఆ నిర్ణయాన్ని మన తరఫున తీసేసుకుంటున్నాయి. దీనిని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా ఇంట్లో ఉన్నది ఇరవై లీటర్ల సోలో రకం, అంటే గ్రిల్ వంటి అదనపు సౌకర్యాలు లేనిది. తలా ఒక వేళకు ఇల్లు చేరే కుటుంబం కాబట్టి పప్పు, సాంబారు, పాలు వేడి చేసుకోవడానికి, నూనె లేకుండా అప్పడాలు కాల్చుకోవడానికి దానిని పదేళ్లకు పైగా వాడుతున్నాము. బటన్ల మీద అంకెలు చెరిగిపోయాయి, రోజూ నొక్కే 'స్టార్ట్' దగ్గర పైపొర చిట్లింది. అయినా పనికి ఆటంకం రాలేదు. ఇటీవల లోపల కుడివైపు గోడ దగ్గర నిప్పురవ్వలు లేచి, కమురు వాసన వచ్చింది. వెంటనే ఆపి, ప్లగ్గు తీసి చూస్తే, ఆ గోడకు బిగించి ఉండే పలుచని మైకా (అభ్రకం) రేకు మీద కందిగింజంత నల్లటి మచ్చ, దాని నడుమ చిన్న చిల్లు కనిపించాయి.

ఇది చాలా ఇళ్లలో జరిగేదే. మాగ్నెట్రాన్ అనే భాగంలో పుట్టి ఆహారాన్ని వేడి చేసే తరంగాలు లోపలికి వచ్చే దారికి అడ్డంగా, ఆవిరీ జిడ్డూ ఆ దారిలో పడకుండా ఈ రేకును పెడతారు. పోపు వేసిన పప్పును మూత లేకుండా వేడి చేస్తే చిందే నూనె, ఆవాలు, కరివేపాకు తునకలు దాని మీద పడి, ఎప్పటికప్పుడు తుడవకపోతే మాడి బొగ్గవుతాయి. ఆ బొగ్గు తరంగాలను పీల్చుకుని వేడెక్కి రవ్వలు రాలుస్తుంది. కాబట్టి రవ్వలు కనిపించగానే ఓవెన్ పని అయిపోయిందని అనుకోనక్కరలేదు. రేకు మారిస్తే చాలావరకు సరిపోతుంది.

కంపెనీ సర్వీస్ సెంటరుకు ఫోన్ చేస్తే వచ్చిన టెక్నీషియన్, ఒక్క స్క్రూ కూడా విప్పకుండానే, "ఈ మోడల్ ఆగిపోయిందమ్మా, పార్టులు రావు, ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అని చెప్పి, విజిటింగ్ చార్జీకి రసీదు రాసిచ్చి వెళ్లిపోయారు. మైకా రేకు ఏ మోడల్‌కూ ప్రత్యేకమైనది కాదు. పెద్ద రేకులుగా విడిగా అమ్ముతారు, కావలసిన కొలతకు కత్తిరించుకోవచ్చు. ఒకప్పుడు అభ్రకం గనులకు పేరుపొందిన గూడూరు ఉన్న రాష్ట్రంలో ఆ రేకు దొరకదని చెప్పడం నాకు కష్టంగా తోచింది. చివరకు మా వీధిలో మిక్సీలు, గ్రైండర్లు బాగు చేసే పెద్దాయన పాత రేకును కొత్తదాని మీద పెట్టి, పెన్సిలుతో గీత గీసి, కత్తెరతో కత్తిరించి, వెనుక గోడకు అంటిన మసిని తడిగుడ్డతో తుడిచి అమర్చారు. రేకు ధర, ఆయన కూలి కలిపినా కంపెనీకి కట్టిన విజిటింగ్ చార్జీ కంటే తక్కువే అయింది.

అలాగని పాతదానిని ఎలాగైనా నడిపించాలన్నది నా వాదన కాదు. ఎక్కడ ఆపాలో కూడా వినియోగదారునికి తెలియాలి. తలుపు విషయంలో రాజీ పనికిరాదు. తలుపు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి తరంగాలు బయటికి రాకూడదన్నది ప్రమాణం. ఆ హద్దు నిలిచేది తలుపు బిగువుగా మూసుకున్నంతకాలమే. అందుకే కీళ్లు వదులైనా, గడియ విరిగినా, తలుపు అద్దంలోని జాలీ దెబ్బతిన్నా వాడకం ఆపేయాలి. గడియ వెనుక సాధారణంగా మూడు చిన్న స్విచ్చులుంటాయి. తలుపు తెరవగానే రెండు స్విచ్చులు తరంగాలు పుట్టకుండా ఆపుతాయి. అవి అంటుకుపోతే మూడవది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు పోయేలా చేస్తుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందంటే లోపల ఏదో భాగం హెచ్చరిస్తోందన్నమాట. అప్పుడు కొందరు మెకానిక్కులు పెద్ద ఫ్యూజు వేస్తామనో, స్విచ్చును 'డైరెక్ట్' చేసేస్తామనో అంటారు. ఆ మాటకు ఎవరూ ఒప్పుకోకూడదని చేతులు జోడించి చెబుతున్నాను. ఆ స్విచ్చుల ధర ఏపాటిది? అవి దొరకనివ్వకపోవడం వల్లనే ఇటువంటి ప్రమాదకరమైన చిట్కాలు పుట్టుకొస్తున్నాయి. ఇంట్లోవాళ్లు స్క్రూడ్రైవరు పట్టుకుని కవరు విప్పడం అంతకంటే ప్రమాదం. లోపల కరెంటును నిల్వ చేసే కెపాసిటరు అనే భాగంలో సుమారు రెండు వేల వోల్టుల కరెంటు, ప్లగ్గు తీసిన తరువాత కూడా మిగిలి ఉండవచ్చు.

లోపలి గోడలు తుప్పు పట్టి చిల్లులు పడినా మార్చేయడమే మంచిది. మాగ్నెట్రాన్ బలహీనపడటం మాత్రం ఒక్కరోజులో తెలిసేది కాదు. ఒకప్పుడు ఒక నిమిషంలో వేడెక్కే గిన్నె ఇప్పుడు రెండు నిమిషాలు తీసుకుంటుంటే అనుమానించాలి. పావు లీటరు మామూలు నీళ్లు గాజు గిన్నెలో పోసి, అందులో ఒక చెక్క చెంచా వేసి, ఫుల్ పవర్‌లో పెడితే, 700, 800 వాట్ల ఓవెన్‌లో రెండు, రెండున్నర నిమిషాలలో మరిగే స్థితికి రావాలి. ఈ పరీక్షను ఎండాకాలం సాయంత్రాలలో, వీధి అంతటా ఏసీలు నడుస్తూ వోల్టేజీ పడిపోయిన వేళ చేయకూడదు. వోల్టేజీ తగ్గితే మంచి ఓవెన్ కూడా మందగిస్తుంది. మాగ్నెట్రాన్ మార్పిడికి అయ్యే ఖర్చు కొత్త సోలో ఓవెన్ ధరలో సగానికి చేరుకుంటే, కొత్తదే కొనమని నేనూ అంటాను. అయితే ఆ ఖర్చు ఎంత అవుతుందో ముందుగా మనకు తెలియాలి కదా!

కొనేటప్పుడు కూడా దుకాణాలలో గ్రిల్, కన్వెక్షన్, పదుల కొద్దీ ఆటో మెనూల గురించి చెబుతారే గాని, ఐదేళ్ల తరువాత కీప్యాడ్ దొరుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారుండరు. వేడి చేసుకోవడానికే కొనేవారికి తిప్పే నాబ్‌లున్న సోలో రకమే మేలని నా అభిప్రాయం. చెడిపోవడానికి ఎలక్ట్రానిక్ బోర్డు తక్కువ, బాగు చేయడం తేలిక. మైక్రోవేవ్‌లకు భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఓవెన్ మీద ఉండే 'ఆర్' అక్షరంతో మొదలయ్యే సంఖ్యను ఆ సంస్థ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీని వేసి, వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. ఏ వస్తువును ఎంత తేలికగా బాగు చేయవచ్చో మార్కులతో చెప్పే సూచిక కోసం 2024లో మరో కమిటీ వేస్తే, 2025 మేలో నివేదిక వచ్చింది. ఇదంతా హర్షించదగినదే. కాని మొదటి ప్రాధాన్యం సెల్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు దక్కింది. ఫోనును కొన్నేళ్లకే మార్చేవారే ఎక్కువ. పదేళ్లు, పదిహేనేళ్లు ఉంటుందని నమ్మి కొనే వంటింటి వస్తువులకు ఈ సూచిక అంతకంటే ఎక్కువ అవసరం.

ఇక పారేసే సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు, అంతకుముందు 21 ఉన్న వస్తువుల జాబితాను 106కు పెంచాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా వాటిలో చేరింది. తయారీదారులే రిజిస్టరైన రీసైక్లర్ల ద్వారా వాటి సంగతి చూడాలన్నది నియమం. మన ఊళ్లలో జరిగేది వేరు. ఎక్స్‌ఛేంజిలో ఇచ్చిన ఓవెన్‌కు బిల్లులో కొన్ని వందలు తగ్గిస్తారు, తరువాత అది ఎక్కడికి వెళ్లిందో చెప్పరు. లేదా తోపుడు బండి మీద పాత సామాన్లు కొనేవారికి చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మరులోని రాగి కోసం సుత్తితో పగలగొట్టి, వైర్లు కాల్చే ఆ కూలీలకు కెపాసిటరు గురించి గాని, కొన్ని మాగ్నెట్రాన్ల పింగాణీ భాగంలో వాడే బెరీలియం ఆక్సైడ్ పొడి ఊపిరితిత్తులకు చేసే హాని గురించి గాని ఎవరు చెబుతారు? మన వంటింట్లో భద్రంగా పనిచేసిన వస్తువు మరొకరి ఆరోగ్యాన్ని తినేయడం నన్ను బాధిస్తోంది.

కాబట్టి ప్రతి మైక్రోవేవ్ పెట్టె మీద, బిల్లు మీద విడిభాగాలు ఎన్నేళ్లపాటు దొరుకుతాయో ముద్రించాలనీ, ఆ గడువు మోడల్ అమ్మకం ఆగిన నాటి నుంచి పదేళ్లకు తగ్గకూడదనీ, మైకా రేకు నుంచి మాగ్నెట్రాన్ వరకు ధరల పట్టికను కంపెనీలు బహిరంగంగా ఉంచాలనీ కోరుతున్నాను. కవరు విప్పి చూడకుండా 'పార్టులు లేవు' అని చెప్పే సందర్భంలో విజిటింగ్ చార్జీ వసూలు చేయకూడదు. అలా డబ్బు కట్టవలసి వచ్చినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి. ఫిర్యాదులు పేరుకుంటేనే అధికారులకు ఈ సమస్య కనబడుతుంది. ఎక్స్‌ఛేంజి వస్తువును ఏ రీసైక్లరుకు పంపుతారో దుకాణదారు బిల్లులోనే రాసివ్వాలి. మున్సిపాలిటీలు నెలకొక ఆదివారమైనా వార్డు కార్యాలయం దగ్గర పాత ఎలక్ట్రానిక్ వస్తువులను తీసుకుని రసీదు ఇచ్చే ఏర్పాటు చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల పురపాలక శాఖలకు విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక గృహిణి,
రాజమహేంద్రవరం