పెట్టె మీద నుంచి దూకిస్తే మోకాలి భవిష్యత్తు తెలియదు

సంపాదకులకు,

ఏ క్రీడాకారిణి మోకాలికి గాయం కావచ్చో ముందే తేల్చే పరీక్ష పేరుతో, సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు పెట్టె మీద నుంచి అమ్మాయిని దిగమని, నేల తాకగానే పైకి ఎగరమని అంటారు. మోకాళ్లు లోపలికి వాలితే ‘లిగమెంటు (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగే ప్రమాదం’ అని రాసేస్తారు. ఆ ముద్రతో ఎవరినీ జట్టుకు దూరం చేయకండి.

ఈ నమ్మకానికి ఊతమిచ్చింది 2005 నాటి అమెరికా అధ్యయనం. అందులో 205 మంది క్రీడాకారిణులుంటే ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంటు) గాయాలు తొమ్మిదే. నార్వేలో 710 మంది హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ క్రీడాకారిణులను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో గాయాలు 42. అక్కడ గాయపడినవాళ్ల కొలతలు, పడనివాళ్ల కొలతలు కలగలిసిపోయాయి. ‘ఇది దాటితే ప్రమాదం’ అనే గీత ఎక్కడ గీసినా, గాయపడబోయే కొందరు పరీక్షకు దొరకరు, గాయపడని చాలామంది అనవసరంగా భయపడతారు.

పరీక్షలో రెండు కాళ్ల మీద, సిద్ధపడి, నేరుగా దిగుతారు. ఆటలో ఒంటికాలి మీద, చూపు బంతి మీద ఉండగా చటుక్కున పక్కకు తిరుగుతారు. పాదం ఆనిన 40 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే లిగమెంటు తెగిపోవచ్చు.

కాబట్టి వడపోత మానేసి, అందరిచేతా ‘ఫిఫా 11 ప్లస్’ వంటి 20 నిమిషాల వార్మప్ వారానికి కనీసం రెండుసార్లు చేయించండి. మునివేళ్ల వైపు మెత్తగా దిగాలి, తుంటి, మోకాలు వంగాలి, మోకాలిచిప్ప పాదం వైపే చూడాలి. ఇన్నిసార్లు చేయాలన్న లెక్క పూర్తిచేసే తొందరలో మోకాలు లోపలికి పడుతుంటే శిక్షకుడు అక్కడే ఆపి సరిదిద్దాలి. మ్యాచ్‌లు మొదలవగానే దీన్ని ఎత్తేయడం పెద్ద పొరపాటు.

– ఒక క్రీడా ఫిజియోథెరపిస్టు, హనుమకొండ