నెత్తురు పడితే అన్నీ మొలలేనా?

సంపాదకులకు,

మెట్రో పిల్లర్ల మీద, బస్టాపుల్లో 'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అనే పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. మా బావగారు అలాంటి ఒక క్లినిక్ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగారు. మలంలో రక్తం పడుతోందని చెబితే అక్కడ ఒక్క పరీక్ష రాసింది లేదు, మొలలేనని ఆయింట్‌మెంటు, ఏదో పొడి ఇచ్చి పంపారు, ఈయనా సిగ్గుపడి మా అక్కకు కూడా చెప్పలేదు. చివరికి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7కి పడిపోయి ఉంది. అప్పుడు వేరే డాక్టరు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించారు, చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ పరీక్షలో 'అడినోకార్సినోమా' అనే క్యాన్సర్ అని వచ్చింది.

ఆ పేరు చూసి అదేదో అరుదైన జబ్బేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీరా చూస్తే పెద్దపేగు క్యాన్సర్లలో 90 శాతానికి పైగా ఈ రకమేనట! పేగు లోపలి పొరలో జిగురు తయారుచేసే గ్రంథి కణాల్లో పుడుతుంది. చాలావరకు ముందు పాలిప్ అనే చిన్న బొడిపెగా మొదలవుతుంది, అది క్యాన్సర్‌గా మారడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. పదేళ్లండీ! ఆలోపు కొలనోస్కోపీ చేస్తే చాలా పాలిప్‌లను అక్కడికక్కడే తీసేయొచ్చు. జబ్బు వచ్చినందుకన్నా ఈ సంగతి తెలిశాకే నాకు ఎక్కువ కడుపు మండింది.

ప్రభుత్వం 30 దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ పెట్టింది, మంచిదే, కానీ అందులో పెద్దపేగు లేదు. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్లకే ఈ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన దగ్గర ఈ జబ్బు అక్కడికన్నా తక్కువ, అందరికీ కొలనోస్కోపీ చేయమని నేనూ అనను, అంతమంది డాక్టర్లెక్కడున్నారు? కానీ బస్తీ దవాఖానాలో బీపీ, షుగర్ చూసేటప్పుడే 'రక్తం పడుతోందా, విరేచనం తీరు మారిందా, ఇంట్లో ఎవరికైనా ఈ క్యాన్సర్ ఉందా' అని అడగడానికి పైసా ఖర్చు లేదు. అవునన్నవాళ్లను నేరుగా గాంధీకో ఉస్మానియాకో రాసి పంపాలి. లక్షణాలు లేని పెద్దవాళ్లకు, మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే చిన్న పరీక్ష ఉంది, దవాఖానా నుంచి రక్తం శాంపిళ్లు ల్యాబుకు వెళ్తున్నట్టే అదీ వెళ్తుంది. ఇక ఆ పోస్టర్లు ఎవరు పీకిస్తారో జీహెచ్‌ఎంసీ వాళ్లే చెప్పాలి.

బావగారికి ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. తోడబుట్టినవాళ్లూ చూపించుకోవాలని డాక్టరు చెబితే ఆయన పెద్ద తమ్ముడు వెళ్లాడు, రెండు పాలిప్‌లు దొరికితే తీసేశారు. చిన్నవాడు మాత్రం తనకున్నవి మొలలేనంటున్నాడు.

- ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్