కరిజ్మాకి మోటర్ తేలిపోయింది మామా

రేయ్ మామా,

ఎట్టుండావు? మెసేజ్‌లకి రిప్లై ఇయ్యలేదని తిట్టుకుంటా ఉంటావు, తిట్టుకో, సారీ. పంట చివర్లో ఉంది, రాత్రంతా రొయ్యల గుంట కాడ, పగలంతా నిద్ర, ఫోన్ పట్టుకుంటేనే చిరాకు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు పర్లేదు, పెద్దోడికి లెక్కలు అచ్చం నీలాగా వస్తా ఉండాయి కాబట్టి ట్యూషన్ పెట్టాం, రొయ్యల రేటు మాత్రం అడగబాక, మీ నాయన మొన్న మూలాపేటలో కనపడి టీ తాగించాడు, బాగుండాడు. అయిపోయింది. ఇప్పుడు అసలు విషయం, ఇది చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపొయ్యేటట్టుంది. మన కరిజ్మా బైకుకి ఏ మోటర్ పెట్టాలో తేలిపోయింది రా!

ఫోన్‌లో కొంచెం చెప్పినట్టు గుర్తు. ఇంజన్ పట్టేసి షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటా ఉండింది గదా, దాన్ని కరెంటు బండి చేద్దామని. రోడ్డుకి కాదు. రోడ్డు మీద తిప్పాలంటే కిట్‌కి అప్రూవల్ ఉండాల, ఆర్సీలో మార్పించాల, ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాల, అంత ఓపిక మనకి యాడుంది. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది గదా, దానికే, టాటా ఏస్‌లో ఎక్కించుకుని పోవడం, వాళ్ళు చెకింగ్‌లో ఒప్పుకుంటే తోలడం. టార్గెట్ గంటకి 140 కిలోమీటర్లు. ఎందుకు 140 అని అడగబాక, నీకు తెలుసు, కొడవలూరు గేటు కాడ ఎవరు ఏం పందెం కాసినారో. ఇంజన్ దించేటప్పుడు మాత్రం ఆ ఫుట్‌రెస్ట్ మీద నీ చెప్పు అరిగిన గుర్తు చూసి… సరేలే, అది వదిలెయ్.

ఆదివారం పొద్దున్నే బామ్మర్ది ఊడిపడ్డాడు, ఫోన్‌లో ఒక హబ్ మోటర్ ఫొటో పెట్టుకుని. 72 వోల్టులు, 12 కిలోవాట్లు అంట, చక్రంలోనే మోటర్, చైను లేదు, గేరు లేదు, విప్పు, బిగించు, తోలు, అడ్వాన్స్ కొట్టేద్దామా బావా అని ఒకటే తొందర. నాకు అప్పుడే గుంట నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ మోటర్ ఒకటి కాలిపోయి ఉండాది, దాన్ని బండికి కట్టుకుని స్టోన్‌హౌస్‌పేటలో మన రీవైండింగ్ మేస్త్రి కాడికి పోతా ఉంటే వీడూ ఎనకే ఎక్కినాడు. ఆ మేస్త్రి నీకు తెలుసు, మన హాస్టల్ మిక్సీ కథలో ఆయనే. ఇప్పుడు తల పూర్తిగా తెల్లబడింది, నోరు మాత్రం అట్టానే ఉంది.

వార్నిష్ వాసన, ఎనామిల్ తీగ రీళ్ళు, మధ్యలో ఆయన కాయిల్స్ కట్టుకుంటా ఫోన్ వంక చూడకుండానే అడిగినాడు, “లోడు ఎంత? ఎంత సేపు?” బామ్మర్ది “140 పోవాల” అన్నాడు. “అది స్పీడు అబ్బయా. నేను అడిగింది లోడు.” వీడు నా వంక చూశాడు, నేను అప్పటికే కూర్చుని తీగ అట్టపెట్టె మీద లెక్క మొదలు పెట్టా.

చూడు మామా, కరిజ్మా 223 సీసీ, 17 గుర్రాలు, అదే 17 హెచ్‌పీ, 125 దాకా పొయ్యేది, ఆ పైన ఎంత వంగి పడుకున్నా కదిలేది కాదు గదా. అంటే ఆ బండిని, ఆ షేపుని, 125 కాడ గాలి 17 గుర్రాలు తినేస్తా ఉంది అని అర్థం. గాలి తినే పవర్ స్పీడుకి మూడో ఘాతంలో పెరుగుద్ది, రెట్టింపు స్పీడుకి ఎనిమిది రెట్లు పవర్. 140ని 125తో భాగించి దాన్ని మూడుసార్లు గుణిస్తే 1.4 వచ్చింది, 17 ఇంటూ 1.4 అంటే 24 గుర్రాలు, దగ్గర దగ్గర 18 కిలోవాట్లు. అదే 60లో పోతే? రెండు గుర్రాలు, అటూ ఇటూగా. గుంట మీద తిరిగే రెండు హెచ్‌పీ ఏరేటర్ ఒక్కటి చాలు. 140కి పన్నెండు ఏరేటర్లు కట్టుకుని పరిగెత్తినట్టు. మేస్త్రి అది విని మొదటిసారి తల ఎత్తినాడు. “పన్నెండా? ఎంత సేపు?”

ఇదే మామా, మొత్తం కథ ఈ ‘ఎంత సేపు’లో ఉంది.

మేం తెచ్చిన కాలిపోయిన మోటర్ ప్లేటు మీద గుడ్డతో తుడిచి చూపించినాడు. డ్యూటీ ఎస్1 అని ఉంది. అంటే ప్లేటు మీద రాసిన హెచ్‌పీని రాత్రీ పగలూ ఆపకుండా లాగుద్ది అని. “మీ ఫోన్‌లో దానికి ఇది యాడుంది?” అన్నాడు. యాడా లేదు. బామ్మర్ది అక్కడే ఆ అమ్మేవాడికి మెసేజ్ పెట్టినాడు, ఈ 12 కిలోవాట్లు ఆపకుండా ఇచ్చే కంటిన్యూయసా, కాసేపే ఇచ్చే పీకా అని. ముందు బండి ఫొటో పంపినాడు. మళ్ళా అడిగితే “సూపర్ పికప్ సార్” అన్నాడు. మళ్ళా అడిగితే 5 అన్నాడు. 5! మిగతా 7 కొన్ని సెకన్ల ముచ్చట. స్కూటర్‌కి అది చాలు, ఓవర్‌టేక్ చేసి వదిలేస్తాం గదా. ట్రాక్ మీద పదిహేను నిమిషాలు ఆపకుండా పిండితే కాయిల్ చల్లారే టైమే ఉండదు. అప్పుడు బామ్మర్ది ఏమన్నాడో తెల్సా? లెవెల్ క్రాసింగ్ కాడ నువ్వు చెప్పిన డైలాగే, పొల్లు పోకుండా! నేను నవ్వాపుకోలేక బయటికి పొయ్యా, మేస్త్రి నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

సరే, తిరిగొచ్చాక వాడు పట్టు వదల్లేదు, పోనీ ఇంకా పెద్ద హబ్ మోటర్ కొందాం అంటాడు. దీనికి మేస్త్రి చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. షాపులో రెండు పంపు మోటర్లు ఉండాయి, రెండూ ఐదు హెచ్‌పీ. ఒకటి 2880 ఆర్పీఎం, ఇంకోటి 960. “రెండూ లేపి చూడు” అన్నాడు. 2880ది వాడొక్కడే లేపినాడు, 960 దానికి నేను కూడా చెయ్యి ఏశా. పవర్ ఒకటే గానీ మెల్లగా తిరిగేదానికి టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువ కావాల, టార్క్‌కి ఇనుము కావాల, రాగి కావాల. ఆంపియర్లు పోయేది టార్క్‌కి, కాయిల్ కాలేది ఆంపియర్లకి. ఇప్పుడు మన బండికి చూడు, వెనక టైరు 100/90-18, చుట్టుకొలత రెండు మీటర్లు, 140లో చక్రం తిరిగేది నిమిషానికి 1167 రౌండ్లే. హబ్ మోటర్ అయితే 18 కిలోవాట్లకి 147 న్యూటన్ మీటర్లు అదే ఆపకుండా ఇయ్యాల. అదే మోటర్ని మధ్యలో ఫ్రేములో పెట్టి 4500లో తిప్పి, ముందు 14 పళ్ళు ఎనక 54 పళ్ళు పెట్టి చైను ఏస్తే, 38 న్యూటన్ మీటర్లు చాలు. అంతా ఒకటే పవర్! పైగా ఆ బరువు చక్రంలో ఉంటే గుంతలో పడ్డప్పుడు షాక్ అబ్సార్బర్ ఏం చేస్తుంది పాపం, టైరు ఎగిరి ఎగిరి పడుద్ది, మలుపులో అది జరిగితే ఇంక మనం గాల్లోనే. వేడి కూడా అంతే, చక్రం లోపల మూసేసిన డబ్బాలో పుట్టిన వేడి యాడికి పోవాల? హబ్ మోటర్ క్యాన్సిల్. బామ్మర్ది మొహం మాడింది, బజ్జీలు తెప్పించా.

ఆ తర్వాత మేస్త్రి ఆయన పాట మొదలు పెట్టినాడు. ఇండక్షన్ మోటరే పెట్టాలంట. అయస్కాంతాలు లేవు, బ్రష్‌లు లేవు, కాలిపోతే ఆయనే చుడతాడు. న్యాయంగా చెప్పాలంటే అది మంచి మాటే, తప్పేం లేదు, కానీ అంత పవర్‌కి బరువు ఎక్కువ, కరిజ్మా ఫ్రేములో ఇంజన్ తీసిన సందులో దాన్ని దూర్చితే బ్యాటరీ నెత్తిన పెట్టుకుని తోలాల.

బ్రష్ మోటర్ సంగతి నేనే ఎత్తా, ఎందుకంటే నాకు ఆ అగ్ని మోటర్ల మీద మనసు. నీకు చెప్పానా? 2009 జూన్‌లో ఐల్ ఆఫ్ మాన్‌లో పొగ రాని బళ్ళకి మొట్టమొదటి రేసు పెట్టారు, టీటీఎక్స్‌జీపీ అని, 60 కిలోమీటర్ల ల్యాప్, కొండ మలుపులు, గోడలు. గెలిచింది అగ్ని టీమ్, రాబ్ బార్బర్ అనే ఆయన తోలినాడు, సుజుకి జీఎస్‌ఎక్స్-ఆర్ ఫ్రేములో రెండు బ్రష్ మోటర్లు పెట్టి. ఆ మోటర్ల కంపెనీ మన గుజరాత్‌ది! సగటు స్పీడు ఎంతో తెల్సా, గంటకి 140 కిలోమీటర్లు. మన పందెం నంబరే రా! నాకు ఒళ్ళు జలదరించింది. కానీ మేస్త్రి బ్రష్ అన్న మాటకే మొహం తిప్పుకున్నాడు, అరిగేది, పొడి రాలేది, మన ఉప్పు గాలిలో ఆ బ్రష్‌లు రాసుకునే కమ్యుటేటర్‌ని ఎవడు చూసుకుంటాడు అని. 2009లో అది గొప్ప, ఇప్పుడు దానికన్నా మంచివి దొరకతా ఉండాయి, అదీ నిజమే. ఇప్పుడు మన బెంగళూరు అల్ట్రావయలెట్ ఎఫ్77 మాక్ 2 రీకాన్ చూడు, 30 కిలోవాట్లు, టాప్ 155, మాగ్నెట్ మోటరే, షోరూమ్‌లో కొనుక్కుని రావడమే.

కాబట్టి తేలింది ఏందంటే, పర్మనెంట్ మాగ్నెట్ మోటర్, ఫ్రేములో మధ్యలో, నీళ్ళతో చల్లబడేది, కంటిన్యూయస్ 20 కిలోవాట్లు. పీక్ ఎంతో నేను చూడను కూడా చూడలా. నీకు కొత్తేం కాదు, నువ్వు బిగించే ఇన్వర్టర్ ఏసీల కంప్రెసర్లలో తిరిగేది ఈ జాతిదే గదా. మేస్త్రికి ఒకటే అనుమానం, “కాయిల్ మాడితే మళ్ళా చుట్టుకుంటాం, అయస్కాంతం చస్తే ఏం చుడతావు?” అని. నిజం మామా, కాయిల్‌కి ఉండే క్లాస్ హెచ్ ఇన్సులేషన్ 180 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, మామూలు నియోడిమియం అయస్కాంతం 80 దాటితేనే నీరసపడుద్ది, వేడికి ఆగే ఎస్‌హెచ్ గ్రేడు అయితే 150 దాకా. మన నెల్లూరు మే నెల ఎండకి మోటర్ మొదలయ్యేదే 45లో. అందుకని రాజీ కుదిరింది, కాయిల్ మీద సెన్సర్ పెట్టి 120 దాటితే మోటర్‌కి కరెంటు పంపే కంట్రోలర్ తనంతట తనే పవర్ తగ్గించాల, గ్రేడు కాయితం మీద రాసిచ్చే వాడి కాడే కొనాల.

ఇంక వోల్టేజి. 96 వోల్టులు అనుకున్నాం. మోటర్, కంట్రోలర్ తినేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి 20 కిలోవాట్లకి పైనే రావాల, 72 అయితే 285 ఆంపియర్లు దాకా లాగాల, 96 అయితే 215, కేబుల్ చూస్తేనే తేడా తెలుస్తుంది. కేవీ 60 ఉన్నది చూస్తా ఉండా, అంటే వోల్టుకి 60 రౌండ్లు, ఖాళీగా 5760. మనకి కావాల్సింది 4500 గదా అంత ఎందుకు అని బామ్మర్ది అడిగినాడు, మంచి ప్రశ్న, వాడి నోట్లోంచి మంచి ప్రశ్న రావడం రాసిపెట్టుకో. తిరిగే మోటర్ తనే ఎదురు వోల్టేజి పుట్టిస్తా ఉంటది, అది బ్యాటరీ వోల్టేజికి దగ్గర పడేకొద్దీ ఆంపియర్లు లోపలికి పోవు, టాప్ స్పీడు కాడ బ్యాటరీ ఎటూ డల్ అవుద్ది, కాబట్టి మార్జిన్ ఉండాల. మరీ ఎక్కువ కేవీ తీసుకుంటే అదే టార్క్‌కి ఆంపియర్లు పెరుగుతాయి. మేస్త్రికి ఇది చెప్పే పనే పడలా, “స్టార్ తీసి డెల్టా కలిపినట్టేగా” అనేశాడు, అంతే, మోటర్ కాయిల్స్ కలిపే తీరు మారిస్తే స్పీడు, ఆంపియర్లు రెండూ 1.73 రెట్లు అయ్యే లెక్క. మేం యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది ఆయనకి చేతి వేళ్ళలో ఉంది.

డబ్బుల సంగతి అడుగుతావు, అది… పంట తీశాక మాట్లాడుకుందాం. మీ చెల్లెలికి ఇంకా చెప్పలా, నువ్వు ఫోన్ చేసినప్పుడు నోరు జారబాక, ఏరేటర్ మోటర్లు కొంటా ఉండానని చెప్పా, పన్నెండు ఏరేటర్లు అన్నది అబద్ధం కాదు గదా.

నీకు రెండు పనులు. ఒకటి, మీ వర్క్‌షాప్‌లో పాత కూలెంట్ పంపు, 12 వోల్టులది, ఏదన్నా పారేస్తా ఉంటే ఉంచు. రెండు, లీవు ఎప్పుడో గట్టిగా చెప్పు, ట్రాక్ స్లాట్ దానికి తగ్గట్టు చూస్తా, మొదట ఎవరు ఎక్కాలన్నది టాస్ ఏద్దాం, నీ రూపాయి బిళ్ళతో కాదు, ఆ బిళ్ళ సంగతి నాకు తెలుసు.

బ్యాటరీ గురించి ఇంకా చాలా ఉంది, సెల్స్ దగ్గరే ఇప్పుడు కొట్లాట నడస్తా ఉంది, బామ్మర్ది ఒక రకం అంటాడు నేను ఇంకో… అయ్యో ఉండు, గుంట కాడ నుంచి పిలకాయలు ఫోన్, కరెంటు పోయిందంట, జనరేటర్ ఎత్తుకోవడం లేదంట. పోతా ఉండా. పంపు మర్చిపోబాక.