ముందు మనిషిగా జవాబు చెప్పండి

శ్రీకాకుళం

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

విషయం: విశాఖపట్నం - హైదరాబాద్ విమానం రద్దు, ఆ తర్వాత మీ సంస్థ చూపిన నిర్లక్ష్యం

అయ్యా,

విమానం రద్దయిందని ఈ ఉత్తరం రాయడం లేదు. విమానాలన్నాక ఒక్కోసారి ఆగుతాయి. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు మీ సంస్థలో ఒక్కరూ నాకు సూటిగా బదులు చెప్పలేదు. నా కోపమంతా దానికే.

మర్నాడు ఉదయమే మా అమ్మను హైదరాబాద్‌లో గుండె డాక్టరుకు చూపించాలి. శ్రీకాకుళంలో కారెక్కి విశాఖ విమానాశ్రయంలో దిగేదాకా మీ నుంచి ఒక్క సందేశమూ లేదు. కౌంటరులోని అమ్మాయి కంప్యూటర్ మీది నుంచి కళ్లెత్తకుండానే, “రద్దయింది సార్, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి” అంది. అమ్మ నిలబడలేక ట్రాలీ పట్టుకుని ఉంటే, కుర్చీ తెచ్చి వేసింది పక్క కౌంటరులోని చవక విమాన సంస్థ కుర్రాడు. చివరికి వాళ్ల విమానంలోనే, మళ్లీ డబ్బు కట్టి వెళ్లాం.

తిరిగొచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. మీ కస్టమర్ కేర్ వాళ్లు చాలాసేపు సంగీతం వినిపించి, “టికెట్ ఏజెంటు దగ్గర కొన్నారు కదా, ఆయననే అడగండి” అన్నారు. డబ్బు మీకు చేరిన రసీదు ఏజెంటు నా ముందు పెట్టాడు. అది చూపిస్తే, విమానం రద్దయినట్టు విమానాశ్రయంలోని మీ మేనేజరు నుంచి ధ్రువపత్రం తెమ్మన్నారు కస్టమర్ కేర్ వాళ్లు. అందుకోసం మళ్లీ విశాఖ వెళ్లాను. తన చేతుల్లో ఏమీ లేదంటూ ఆయన సామానుకు కట్టే చీటీ వెనక ఒక ఈమెయిల్ చిరునామా రాసిచ్చాడు. ఆ చిరునామాయే లేదట, నా ఉత్తరం తిరిగొచ్చింది. వెబ్‌సైటులో ఫిర్యాదు పెడితే ఒక రాత్రి సందేశం వచ్చింది: “మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు మార్కులు వేయండి.” ఎవరు పరిష్కరించారు? ఏమి పరిష్కరించారు? అది చదివి ఒళ్లు మండిపోయింది.

ఇంత చిన్న ప్రయాణంలో మీకూ చవక సంస్థలకూ తేడా ఏముంది? ప్రయాణమంతా కలిపి గంటకు కాస్త ఎక్కువ. మీరు పెట్టే భోజనం ముగించేలోగా దిగే ప్రకటన వస్తుంది. 15 కిలోల సామాను వాళ్లూ తీసుకెళ్తున్నారు. ఎక్కువగా ఒకే రకం విమానాలు నడుపుతూ, దిగినదాన్ని కాసేపటికే మళ్లీ ఎగరేస్తూ వాళ్లు ఖర్చు తగ్గించుకుంటారు. ధరలో మీరు వాళ్లను గెలవలేరు. మీకు మిగిలింది మర్యాద ఒక్కటే, నేను అదనంగా కడుతున్నది దానికే. 2003లో ఎయిర్ డెక్కన్ వచ్చాక మా బంధువులు ఒక్కొక్కరే చవక విమానాలకు మళ్లారు. మీలాగే భోజనం పెట్టి ఎక్కువ ధర తీసుకునే సంస్థలు, 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడూ నేను మీ పక్షానే మాట్లాడాను. అన్నేళ్ల నమ్మకానికి మీరిచ్చిన విలువ ఇదా?

ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, ఇంతసేపు పట్టే ప్రయాణానికి 7,500 రూపాయలు లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వాలని విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ నిబంధన చెబుతోంది. అదీ ఇవ్వాలి, టికెట్ డబ్బూ తిరిగివ్వాలి. వీటన్నిటికంటే ముందు, బాధ్యత గల అధికారి ఎవరైనా తన పేరు, హోదా రాసి, సంతకం పెట్టి మా అమ్మకు క్షమాపణ చెప్పాలి.

లేదంటే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్ సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తాను, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మీ వకీలు శ్రీకాకుళం రావలసిందే. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మా ఎంపీయే. ఈ కాగితాలన్నీ ఆయన కార్యాలయంలో ఇచ్చి వస్తాను. విమానాలెక్కే మా జిల్లాల వాళ్లలో నాకు తెలిసిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెబుతాను.

దీనికి కూడా మళ్లీ ఆ యంత్రం పంపే సందేశమే వస్తే, దాన్నీ కేసు కాగితాలకు జతచేస్తాను.

ఇట్లు,
మీ పాత ప్రయాణికుడు