టికెట్టులో కలవని పన్ను

సంపాదకులు గారికి,
నమస్కారములు.

మా అమ్మాయి ఫిలిప్పీన్స్ దేశంలోని దావో నగరంలో మెడిసిన్ చదువుతోంది. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల నుంచి వైద్యవిద్య కోసం ఆ దేశం వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు కనుక, 2024 జూన్‌లో మాకు ఎదురైన ఇబ్బందిని తమ పత్రిక ద్వారా వారి తల్లిదండ్రులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

కాలేజీలో చేరాక పిల్ల మొదటిసారి ఇంటికి వస్తోందన్న సంబరంతో, దావో నుంచి సింగపూర్ మీదుగా హైదరాబాద్‌కు ఇక్కడే ఒక ట్రావెల్స్ కార్యాలయంలో టికెట్టు తీయించాను. పన్నులన్నీ ఇందులోనే వచ్చేశాయని, దారిలో ఎక్కడా పైసా కట్టనక్కర్లేదని వారు చెప్పారు. టికెట్టు మీద కూడా పన్నులు, రుసుముల కింద ఒక మొత్తం విడిగా వేసి ఉండడంతో నేను మారుమాట అడగలేదు. తీరా బయలుదేరే రోజున, సామాను తూచే కౌంటరు దగ్గర, ప్రయాణ పన్ను కట్టిన రసీదు ఏదని మా అమ్మాయిని అడిగారు. ఆ పన్ను 1,620 పెసోలు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 2,300 రూపాయలు. ఇంటికి వెళ్తున్నాను కదా, ఇక పెసోలతో పనేమిటని చేతిలో ఉన్నదంతా ముందురోజే ఎండు మామిడి పొట్లాలకు (మన తాండ్రకు దూరపు చుట్టం లాంటివి) ఖర్చు పెట్టేసింది. ఇక్కడి బ్యాంకు కార్డు గీస్తే అక్కడ పని చేయలేదు. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది కాబట్టి ఆమె ఫోను చేసేసరికి ఇక్కడ ఇంకా తెల్లవారలేదు. ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అదే విమానానికి వచ్చిన ఒక సీనియర్ విద్యార్థి, మన కృష్ణా జిల్లా అబ్బాయి, ఆ సొమ్ము తాను కట్టి రసీదు ఇప్పించాడు. తరువాత నేను ఫోనులో కృతజ్ఞతలు చెబితే, "ఇది ఎప్పుడూ ఉండేదే అంకుల్, మీకు ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఆ తరువాత నేనే కూర్చుని తెలుసుకున్న విషయాలు ఇవి. ఫిలిప్పీన్స్‌లో ఈ ప్రయాణ పన్ను 1977 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం వసూలవుతోంది. దాన్ని ఆ దేశ పౌరులు, అక్కడ శాశ్వతంగా స్థిరపడిన విదేశీయులు, ఏడాదికి మించి అక్కడ నివసించిన ఇతర విదేశీయులు కట్టాలి. నాలుగు రోజులు చూసి వచ్చే పర్యాటకులకు ఇది లేదు. వసూలైన సొమ్ములో సగం పర్యాటక సంస్థకు, నలభై శాతం ఆ దేశ ఉన్నత విద్యా కమిషన్‌కు, మిగిలిన పది శాతం సాంస్కృతిక కమిషన్‌కు చేరుతుంది. కాబట్టి ఇది కౌంటరులో ఎవరో సొంతంగా గుంజుకునే డబ్బు కాదు, పన్ను మీద నాకు ఫిర్యాదూ లేదు. మొదటి ఏడాది లోపే సెలవులకు వచ్చి వెళ్లిన పిల్లలకు ఈ పన్ను ఎదురుకాదు. అందువల్ల వారి తల్లిదండ్రులు "మావాడు ఏమీ కట్టలేదే" అని మనకు ధైర్యం చెబుతారు, మరుసటి ఏడాది వారికీ ఇదే అనుభవం అవుతుంది. ఇది చాలదన్నట్లు, ఆరు నెలలు, ఆ పైన అక్కడ ఉన్న విదేశీయులు దేశం విడిచి వెళ్లేటప్పుడు ఇమ్మిగ్రేషన్ శాఖ నుంచి నిష్క్రమణ అనుమతి పత్రం తీసుకోవాలి, దానికి రుసుము వేరే.

విమానాశ్రయంలో బయలుదేరే ముందు డబ్బు కట్టడం మన పెద్దవారికి తెలియని సంగతి కాదు. థాయ్‌లాండ్‌లో 2007 ఫిబ్రవరి దాకా 500 బాత్ కౌంటరులో కట్టి లోపలికి వెళ్లేవారు, ఆ తరువాత దాన్ని 700 చేసి టికెట్టులోనే కలిపారు. ఇండోనేషియాలోనూ, మనీలాలోనూ టెర్మినల్ రుసుము (విమానాశ్రయాన్ని వాడుకున్నందుకు కట్టేది) 2015లో టికెట్టులోకి వచ్చింది. జపాన్ 2019 జనవరి నుంచి దేశం విడిచే ప్రతి ఒక్కరి దగ్గర 1,000 యెన్ల పన్ను మొదలుపెట్టినప్పుడు మొదటి నుంచీ టికెట్టు ధరలోనే చేర్చింది. మన దేశంలో కూడా విదేశీ ప్రయాణ పన్ను పేరుతో 500 రూపాయలు ఉండేది, 2004 జనవరిలో ఎత్తివేశారు. ఇలా ఒక్కొక్కటీ టికెట్టులో కలిసిపోవడం వల్లనే తిరుగు ప్రయాణానికి చేతిలో కాస్త ఆ దేశపు డబ్బు ఉంచుకోవాలన్న పాత జాగ్రత్త మనకు తప్పిపోయింది.

ఫిలిప్పీన్స్ పన్ను మాత్రం అలా తేలిగ్గా కలిసేది కాదు. టెర్మినల్ రుసుము విమానం ఎక్కే దాదాపు అందరికీ ఒకటే కాబట్టి టికెట్టు అమ్మే కంప్యూటరు దాన్ని తనంతట తానే వేసుకుంటుంది. ప్రయాణ పన్ను అయితే ఆ మనిషి ఆ దేశంలో ఎన్నాళ్లున్నాడన్న దాని మీద ఆధారపడుతుంది, ఆ సంగతి అడిగితే తప్ప తెలియదు. మాకు టికెట్టు ఇచ్చిన వారు అడగవలసింది ఆ ఒక్క ప్రశ్నే. వారు రోజూ పంపేది పర్యాటకులను కాబట్టి పర్యాటకులకు చెప్పే మాటే మాకూ చెప్పి ఉంటారని నేను అనుకుంటున్నాను. కానీ విద్యార్థుల టికెట్లంటూ ప్రత్యేకంగా బోర్డులు పెట్టి వ్యాపారం చేసేవారికి ఈ మాత్రం తెలియకపోవడం క్షమించదగినది కాదు. ఈ పన్నును ముందుగా ఇంటర్నెట్‌లో చెల్లించే వీలు ఉందని, కొన్ని విమాన సంస్థలు టికెట్టుతో పాటే తీసుకుంటాయని ఆ పూట వారు చెప్పి ఉంటే, నేను గుంటూరులోనే ఆ సొమ్ము కట్టి ఉండేవాడిని.

అందువల్ల నా విన్నపం ఇది. విదేశీ వైద్యవిద్యకు పిల్లలను పంపే కన్సల్టెన్సీలు సీటుకు, హాస్టలుకు, వీసాకు అయ్యే ఖర్చులు రాసి ఇచ్చే కాగితం మీదే, తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కట్టవలసినవి ఏమిటో, ఎన్నాళ్లు ఉన్నవారికి వర్తిస్తాయో కూడా రాయాలి. ట్రావెల్స్ వారు టికెట్టుతో ఇచ్చే ప్రయాణ వివరాల పత్రంలో "ఇందులో చేరనివి" అని ఒక వరుస పెట్టాలి. రేట్లు మారుతూ ఉంటాయి కనుక ప్రయాణానికి వారం ముందు మరోసారి సరిచూసి చెప్పడం కూడా వారి పనే అవుతుంది. తమ పత్రిక విద్యా పేజీలో ఏటా జూన్‌కు ముందు ఈ వివరాలు ప్రచురిస్తే, ఇంటికి దూరంగా ఉన్న మన పిల్లలు కౌంటరు ముందు నిలబడి సొమ్ము కోసం తోటివారి ముఖాలు చూడవలసిన అవసరం ఉండదు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
బ్రాడీపేట, గుంటూరు.